బారాత్ బండి మూలుగు

ఒక్కరికే వినిపించే చప్పుడు ఉన్నట్టా, లేనట్టా?

రాజమణి ఆ ప్రశ్న తనకు తాను వేసుకోవడం మొదటిసారి కాదు. కానీ ఆ ఉదయం వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని, కారు కింద నేల మీది ఎర్రటి మరకను కొబ్బరిపీచుతో రుద్దుతున్నప్పుడు, అది ఎప్పటిలా వచ్చి పోలేదు. జవాబు చెప్పి లేవమన్నట్టు ఎదురుగా నిలబడింది.

గౌలిపురా గల్లీలో సగం దారిని ఆక్రమించుకుని నిలబడే ఆ కారు అమెరికాది, పాతది, పడవంత పొడవు. ఏదో నవాబు దేవిడీలో కొన్నాళ్లు వైభోగంగా తిరిగి, ఆ ఇంటివాళ్ల రోజులు తరిగిపోయాక చేతులు మారుతూ ఆమె భర్త మొగులయ్య దాకా వచ్చింది. అతడు పగలు ఒక సర్కారు దఫ్తర్‌లో జీపు డ్రైవరు. లగ్గాల కాలంలో సాయంత్రమైతే ఈ కారుకు బంతిపూల జాలరు కట్టి, వెనక సీట్లో పెళ్లికొడుకును కూర్చోబెట్టుకుని, బ్యాండు వెనక మెల్లగా నడిపేవాడు. నడిపేది అతడు. కడిగేది, తుడిచేది, సీట్ల సందుల్లోంచి అక్షింతలనూ వాడిన పూలనూ పిల్లలు కొరికి పారేసిన మిఠాయినీ ఏరేది రాజమణి. "నీ చెయ్యి వడితేనే బండి మెరుస్తదే" అనేవాడు. ఆ మాట మెచ్చుకోలో, పని అప్పగింతో ఆమెకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలిశాక కూడా పని అదే.

ఆ కారుకు పవర్ స్టీరింగు ఉంది. అంత బరువైన ముందు చక్రాలను మనిషి రెక్కల బలంతో కాక ఇంజను బలంతో తిప్పే ఏర్పాటు అది. బానెట్టు కింద ఒక చిన్న పంపు, దాని నెత్తిన ఎర్రటి నూనె నింపే డబ్బా, ఆ నూనెను చక్రాల దగ్గరికి తోసే రబ్బరు గొట్టాలు. కొత్తలో మొగులయ్య గల్లీలో అందరినీ పిలిచి చూపించేవాడు. "చూడు భాయ్, ఒక్క వేలు! ఒక్క వేలుతోని ఏనుగును తిప్పుత." దసరా వెళ్లాక ఆ వేలికి మిగతా వేళ్లు తోడయ్యాయి. ఆ తరువాత మూలుగు మొదలైంది. స్టీరింగు తిప్పినంతసేపూ, ఎక్కడో దూరంగా పిండిగిర్ని నడుస్తున్నట్టు, సన్నగా మొదలై గొంతు పెంచుకుని, చక్రాలు తిన్నగా కాగానే చప్పున ఆగిపోయేది. వంటింట్లో ఉన్న రాజమణి ఆ మూలుగును బట్టే అతడు గల్లీ మలుపు తిరిగాడని తెలుసుకుని కంచం పెట్టేది.

"బండి మూలుగుతున్నది" అని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు అతడు చెయ్యి కడుక్కుంటూ నవ్వాడు. "బండి మూలుగుతదా? నీ నడుము మూలుగుతుంటది, చూస్కో." రెండోసారి కొంచెం విసుక్కున్నాడు. "నడిపెటోన్ని నాకు ఇనవడంది, పొయ్యికాడ కూసున్న నీకెట్ల ఇనవడ్తదే?" మూడోసారి బండ్లు బాగుచేసే ఎల్లప్ప మిస్త్రీ ఇంటికి వచ్చి ఉన్నాడు. అతని ముందే మొగులయ్య అన్నాడు: "మా ఇంటామె చెవుల్ల మిషన్ నడుస్తున్నదన్నా. గిట్లనే ఉంటే ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలాలె." ఎల్లప్ప నవ్వాడు. చాయ్ అందిస్తూ రాజమణి కూడా నవ్వింది. వాళ్ల నవ్వు ఆ పూటకే పోయింది గాని, తన నవ్వు ఆమెను చాలా కాలం వదల్లేదు. తన చెవులను తనే ఎగతాళి చేసినట్టయింది.

అప్పటినుంచి ఆమెలో ఏదో సడలింది. ఎవరైనా తలుపు తట్టినట్టు అనిపిస్తే, మళ్లీ తట్టేదాకా ఆగేది. పాలు పొంగుతున్న వాసన వచ్చినా, వాసనేనా అని ఒక క్షణం నిలబడేది. ఆ క్షణంలో పాలు పొయ్యిలో పడేవి. "ఫికర్ లేని మనిషివి" అని మొగులయ్య తిట్టేవాడు. కన్ను పోయిన మనిషిని లోకం చెయ్యి పట్టి నడిపిస్తుంది. కన్ను ఉండి, దాని మీద నమ్మకం పోయినవాళ్ల కష్టం బయటికి కనిపించదు. వాళ్లు అందరిలాగే నడుస్తారు, కాకపోతే ప్రతి అడుగుకూ ఇంకొకరి అనుమతి కోసం చూస్తారు. తను అలా అయిపోతున్నానని రాజమణికి తెలుసు. అదైనా నిజమేనా అన్న అనుమానం కూడా ఉంది.

ఇక ఈ మరకల సంగతి. పొద్దున్నే లేచేసరికి కారు ముందరి చక్రాల నడుమ ఎర్రగా కనిపించేవి. "ఎవడో పాన్ ఉమ్మిపోయిండు" అన్నాడు మొగులయ్య. ఈ మాటను మాత్రం ఆమె మారుమాట లేకుండా నమ్మింది. ఆ గల్లీలో ఎరుపు ఎక్కని గోడ మూల ఏది? కాబట్టి రోజూ నీళ్లు కొట్టి, పీచు పెట్టి రుద్ది, కారు చాటు చూసుకుని ఉమ్మే మగవాళ్ల ఏడు తరాలనూ గొణుగుతూ తిట్టింది.

ఈరోజు బహదూర్‌పురా పాలవ్యాపారి కృష్ణయ్య కొడుకు లగ్గం. బారాత్ బండి ఇదే. అందుకని మరక కడిగిన చోట నేల ఆరనిచ్చి, కారు ముక్కు కిందికంటా వచ్చేలా ముగ్గు వేసింది. చివరి గీత లాగి లేవబోతుండగా, ముగ్గు నడుమ ఒక ఎర్రటి చుక్క పడింది. తెల్లటి పిండి దాన్ని పీల్చుకుని చుట్టూ గులాబీరంగు వలయంలా విచ్చుకుంది. రాజమణి అటూ ఇటూ చూసింది. గల్లీలో మనిషి లేడు. ఇంకో చుక్క పడింది. వేలితో తాకి బొటనవేలితో రుద్దింది. జారింది. నూనె.

ఆమె అక్కడే కూలబడింది. ఇన్ని రోజులు ఎవరో ఉమ్మిందని కడిగినది ఈ కారు లోపలి నుంచి కారుతున్నదా? అయితే మూలుగు కూడా?

బానెట్టు ఎత్తింది. పంపు మీది డబ్బా మూత తీస్తే నూనె అడుగున ఉంది. ఆ ఉన్నది కూడా పొంగిన పాలలా నురగ కట్టి ఉంది. కింద చూస్తే పంపు, గొట్టాలు, ఇనుప కడ్డీలు అన్నీ తడిగానే ఉన్నాయి. నూనె పడిన చోటు తెలిసింది గాని పుట్టిన చోటు తెలియలేదు. పైన ఎక్కడో బయటపడి, దొరికిన దారినల్లా పాకి, చివరికి ఇక్కడ చుక్క అవుతున్నది. అంతా తడి అయినప్పుడు తప్పు ఎక్కడుందో ఎట్లా చెప్పడం? చేతిలో ముగ్గుపిండి గిన్నె ఉంది. తడి ఎక్కడుందో ఈ పిండి దాచలేదని ఇప్పుడే కదా చూసింది.

లాంతరులో పోసే గ్యాసునూనెలో గుడ్డ ముంచి పంపునూ గొట్టాలనూ తుడిచింది. పొడిగుడ్డతో మళ్లీ తుడిచింది. ఆరాక, రొట్టె మీద పొడిపిండి చల్లినంత తేలిగ్గా, ఒక్కో గొట్టం మీదా ముగ్గుపిండి అద్దింది. ఇప్పుడు ఇంజను నడవాలి. ఒకరు స్టీరింగు తిప్పాలి, ఒకరు చూడాలి. మొగులయ్య పూలకోసం వెళ్లాడు. ఇంట్లో ఉన్నది అత్త సత్తెమ్మ ఒక్కతే.

సత్తెమ్మకు చెవుడు. భర్త పోయిన మనిషి కాబట్టి బారాత్ ఉన్న రోజు కారు గల్లీ దాటేదాకా ఆమె వెనక గదిలోంచి బయటికి రాదు. ఎవరూ చెప్పనక్కర లేదు, తనే పోయి కూర్చుంటుంది. ఇక డ్రైవరు సీట్లో ఆడమనిషి కూర్చోవడం ఏ రోజైనా నిషిద్ధమే. ఆ సీటును ఎన్నిసార్లు తుడిచిందో గాని రాజమణి ఎన్నడూ అందులో కూర్చోలేదు.

"అత్తమ్మా, జర బయటికి రా" అని చెవి దగ్గర అరిచింది.

"బండి పోయిందా?"

"పోలే. నువ్వొచ్చి స్టీరింగ్ పట్టాలె."

సత్తెమ్మ కోడలి ముఖంలోకి భయంగా చూసింది. "లగ్గం బండిల నేను కూసునుడా? ముండమోసినదాన్ని. వాడు చూస్తే మనిద్దర్ని బతకనిస్తడా?"

"బండికి పానం బాగ లేదత్తమ్మా. ఎక్కడ నొప్పో చూడాలె. ఒక్కదాన్నే అయితలేదు."

ముసలామె లేచింది. "గా మాట ముందుగాల చెప్పొద్దా?" అంది. రోగమంటే, చెయ్యి పట్టి చూడటానికి ఆమె ఎవరింటికైనా వెళుతుంది.

చక్రాల వెనక రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, రాజమణి తాళంచెవి తిప్పింది. మొగులయ్య చేస్తుండగా ఎన్నిసార్లో చూసిన పని. ఇంజను అందుకోగానే అత్తను సీట్లో కూర్చోబెట్టింది. సత్తెమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, స్టీరింగును బిందె అంచు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"నేను చెయ్యి లేపితే తిప్పు. దించితే తిన్నగ చెయ్యి."

ముందుకు వచ్చి బానెట్టు పక్కన వంగింది. స్టీరింగు తిన్నగా ఉన్నంతసేపు పిండి పొడిగానే ఉంది. చెయ్యి లేపింది. మూలుగు మొదలైంది. సన్నగా, తరువాత పెద్దగా, తను ఎరిగిన గొంతుతోనే. సరిగ్గా అప్పుడు, పంపు నుంచి వచ్చే లావుపాటి గొట్టం వంపు దగ్గర, ఇనుప పట్టీ పక్కన, తెల్లటి పిండి కందింది. ఒక సన్నటి గులాబీ గీత. గీత మీద ఒక ఎర్రటి పూస. ఆ చోట గొట్టం సెగగడ్డలా ఉబ్బుతున్నది. చెయ్యి దించింది. మూలుగు ఆగింది, ఉబ్బు తగ్గింది. మళ్లీ లేపింది. మళ్లీ పూస.

"అయ్యో, దీనికి చలిజరమొచ్చిందే!" లోపలి నుంచి సత్తెమ్మ అరిచింది. "చేతులల్ల గడగడ వణుకుతున్నది!"

ఆమెకు ఆ మూలుగు వినపడదు. చెవులు లేని మనిషి చేతులతో విన్నది. నూనె కారిపోతే పంపు గాలి మింగుతుంది, గాలి మింగిన నూనె నురగ అవుతుంది, అదీ మూలుగు. మూలుగూ మరకా రెండు కాదు, ఒకటే గాయం. తన చెవుల్లో ఏ మిషనూ లేదు. బానెట్టు మీద తల ఆనించి ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి గాని వాటిని తుడుచుకోవాలనిపించలేదు.

"ఇంకోపారి తిప్పాల్నా?" అంది సత్తెమ్మ. దిగే ఉద్దేశం ఆమెకు ఉన్నట్టు లేదు.

"తిప్పత్తమ్మా. నీ ఇష్టం" అంటూ రాజమణి చెయ్యి లేపింది.

అప్పుడే పూలగంపతో రిక్షా వచ్చి ఆగింది. మొగులయ్య దిగి, తల్లిని చూసి గంప కింద పెట్టడం మరిచిపోయి అరిచాడు. "అమ్మా! లగ్గం బండిల నువ్వేందే? నీకు నెత్తి తిరిగిందా?"

"నీ బండికే జరమొచ్చింది కొడుకా. ముట్టి చూడు."

అతడు వచ్చి తాళం తిప్పి ఇంజను ఆపాడు. రాజమణి ఏమీ అనకుండా గొట్టం చూపించింది. తెల్లటి పిండి మీద ఎర్రటి గీత. అతడు దాన్ని చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆమె గమనించింది అదే. అతడు తల్లిని దింపి, ముందు సీటు ఎత్తి, ఒక తగరపు డబ్బా తీశాడు. లోపల నూనె సగానికి తక్కువే ఉంది.

"నిండ పోస్తే రాత్రికి ఎల్తది" అన్నాడు, గంప వైపు చూస్తూ.

"ఎప్పటిసంది పోస్తున్నవు?"

"దసరా నుంచి."

"అంటే నీకు ఇనవడ్డది."

"ఇనవడ్డది."

"నాకు ఇనవడ్డట్టేనా?"

"గంతే." కొంచెం ఆగాడు. "నీకంటే ముందుగాల్నే."

"మరి నాకు పిచ్చన్నవు."

"ఏమనాలె మరి? బండి ఖరాబైందని తెలిస్తే ఎవడన్న పిలుస్తడా? నీకు ఔనని చెప్తే నువ్వు నీళ్ల నల్లకాడ చెప్పుదువు, వాళ్లు ఊరంత చెప్పుదురు." అది చాలా సబబైన మాట అన్నట్టు చెప్పాడు.

తనకు కోపం వస్తుందని రాజమణి ఎదురుచూసింది. ముందు వచ్చింది అది కాదు. ఎండలో మైలు దూరం మోసిన బిందెను ఎవరో నెత్తి మీంచి దించినట్టు, మెడ దానంతట అదే పైకి లేచింది. చెప్పింది అబద్ధమని అతనికి మొదటినుంచీ తెలుసు. అంటే తను పోగొట్టుకున్నది ఏమీ లేదు. అతడు దాచిపెట్టాడు, అంతే. దాచిన వస్తువును వెతుక్కుని తెచ్చుకున్నందుకు ఎవరి అనుమతి కావాలి?

"ఈ ఒక్కరాత్రి గడువనియ్యి, రేపు ఎల్లప్ప కాడికి తీస్కపోత" అన్నాడు అతడు, డబ్బా మూత తిప్పుతూ. "పో, పసుపు కుంకుమ తే. బండికి పెట్టు."

ఆమెకు రాత్రి కనిపించింది. బ్యాండు, గ్యాసులైట్లు, బానెట్టుకు రెండడుగుల ముందు వెనక్కి తిరిగి ఎగురుతున్న పిల్లలు. ఇరుకు మలుపు. అతడు బలంగా స్టీరింగు తిప్పుతాడు, ఉబ్బు పగులుతుంది. కాలుతున్న ఇంజను మీద నూనె. అతని చేతుల్లో రాయిలా బిగుసుకున్న స్టీరింగు.

"పగిలితే?"

"పగలదు."

"ఇనవడదన్నట్టేనా?"

రాజమణి లోపలికి వెళ్లింది. పసుపు కోసమే అనుకుని అతడు గంపలోంచి దండలు తీసి భుజాన వేసుకుంటున్నాడు. ఆమె కూరగాయలు కోసే కత్తితో, ఒక పాతగుడ్డతో తిరిగివచ్చింది. బానెట్టు మీదికి వంగింది.

"ఏం జేస్తున్నవే?"

"ఇంక పొద్దుంది. బహదూర్‌పురాకు పొయ్యి కృష్ణన్నకు నిజం చెప్పు. ఇంకో బండి దొరుకుతది."

గుడ్డతో గొట్టాన్ని ఎడమచేత్తో ఒడిసి పట్టుకుని, ఉబ్బిన చోట కత్తి ఆనించి, అది రెండు ముక్కలయ్యేదాకా కోసింది.