రాగం పలకాల్సిన చోటు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా ఆయన ఊపిరాడక ప్రాణం పోతున్నప్పుడు కూడా "అంతా బాగే సార్" అంటారు. నేను పొయ్యి దగ్గర నుంచి ఆ మాట విని, సరేలే అనుకుని, నా పనిలో నేనుంటాను.

ఆయన యుద్ధంలో పనిచేసి వచ్చారు. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. ఆ కాలు యుద్ధంలోనే పోయిందని పింఛను ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అది ఇంటికి వచ్చాక పట్టుకున్న జబ్బు, మాకు సంబంధం లేదన్నారు. ఒకే ఒంట్లో కాలు వాళ్ళది, ఊపిరి మాది అయింది. ఊపిరికి కూడా పింఛను ఒప్పుకుంటేనే గాలి పెట్టే యంత్రం ఇంటికొస్తుంది. లేకపోతే లేదు.

యుద్ధంలో వాళ్ళుండే శిబిరం వెనక ఒక పెద్ద గొయ్యి ఉండేదట. పనికిరానిదంతా అందులో పోసి తగలబెట్టేవారు. టైర్లు, బ్యాటరీలు, రంగు డబ్బాలు, నెత్తుటి కట్లు, కాలం తీరిన మందులు, ఒక్కోసారి ఏమిటో తెలియని పీపాలు. ఆ పని చేసేవాళ్ళకి పెద్ద మా ఆయన. అందుకే ఆయన్ని పెద్దన్న అనేవారు. మిగతావాళ్ళు ముగ్గురు. మొహం ఎప్పుడూ మసిబారి ఉండేవాడు లాంతరు. అందరికంటే ఎక్కువ కంపు కొట్టేవాడు అత్తరు. మాట చెప్పేముందు సన్నగా కూనిరాగం తీసేవాడు రాగం. ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని ఆ పొగలోనే తిన్నారు, ఆ పొగలోనే పడుకున్నారు.

పొద్దున్నే అధికారి వచ్చి వరుస ముందు నిలబడి "ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. "అంతా బాగే సార్" అనాలి. ఒంట్లో బాగోలేదని ఒకడంటే వాడి పని పక్కవాడి నెత్తిన పడుతుంది. అందుకని ఎవరూ అనలేదు. చివరికి ఇంటికి పంపించేటప్పుడు కూడా డాక్టరు అదే అడిగితే అదే చెప్పి వచ్చారు.

ఇంటికొచ్చాక లాంతరు పోయాడు. ఆ తర్వాత అత్తరు పోయాడు. రాగం వేరే ఊళ్ళో ఉంటూ అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు.

మా ఆయన రోజూ పొద్దున అద్దం ముందు ముక్కాలి పీట మీద కూర్చుని గడ్డం గీసుకుంటూ వరుస పిలుస్తారు. "లాంతరు!" అంటారు. ఇంకో గొంతుతో "ఉన్నా పెద్దన్నా" అని ఆయనే పలుకుతారు. "అత్తరు!" అంటారు. ఈసారి గొంతు బొంగురు. "ఉన్నా పెద్దన్నా." "రాగం!" అని మాత్రం ఆగిపోతారు. కత్తి గాలిలోనే ఉంటుంది. ఎవరూ పలకరు. కాసేపాగి మళ్ళీ గీసుకుంటారు.

కొత్తగా పెళ్ళయిన రోజుల్లో నాకు ఒళ్ళు జలదరించేది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"పోయినవాళ్ళకి నోరుండదు కదే. వాళ్ళ బదులు నేను పలకాలి. రాగం బతికే ఉన్నాడుగా, వాడి నోరు వాడికుంది" అన్నారు, అదేదో కూర ఎలా తరగాలో చెప్పినంత మామూలుగా.

మొదటిసారి పింఛను డాక్టర్ల ముందుకి ఆయన ఒక్కరే వెళ్ళారు. డాక్టరు తల ఎత్తి "ఎలా ఉన్నావు?" అన్నాడట. ఈయన చంకకర్ర వదిలేసి, ఒంటికాలి మీద నిటారుగా నిలబడి, ఆ పాత మాటే చెప్పారు. డాక్టరు విన్నదే రాసుకున్నాడు. ఇంటికొచ్చాక మా అత్తయ్య దులిపేసింది.

"నోట్లో వేలు పెడితే కొరకలేనివాణ్ణి కన్నాను. అబద్ధం చెప్పడం రాకపోతే పోయె, నిజం చెప్పడం కూడా రాదట్రా నీకు?"

"అలవాటే అమ్మా."

"అలవాటా! కొంప ముంచేదాన్ని అలవాటు అంటారా మీ సైన్యంలో?"

మళ్ళీ పిలిచారు. ఈసారి నేను వెంట వెళ్తానన్నాను. ముందురోజు సాయంత్రం అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని డాక్టరులాగా బల్ల వెనక కూర్చున్నాను.

"ఏమయ్యా, ఎలా ఉన్నావు?"

"మా అమ్మ కళ్ళజోడుతో మా ఆవిడ అడిగితే ఎవడికైనా ఎలా ఉంటుందండీ?"

"వేళాకోళం ఆపండి. మెట్లెక్కలేను, పడుకోలేను అని చెప్పండి."

"మెట్లు..." అంటూ నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. నేను వీపు నిమురుతూ ఉంటే మూలన ఆడుకుంటున్న మా పాప లేచి, చేతులు రెండూ ఒంటికి అంటించి, గడ్డం పైకెత్తి అరిచింది. "అంతా బాగే సార్!"

అత్తయ్య పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొన్న జ్వరంలో ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఎక్కడ నొప్పి తల్లీ అని అడిగితే అది అదే మాట అంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు బాగున్నామన్నా నేను నమ్మను. తండ్రి ముక్కు దగ్గరా కూతురి ముక్కు దగ్గరా చెయ్యి పెట్టి చూస్తూనే ఉంటాను.

డాక్టర్ల ముందుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున పాపకి జడ వేస్తున్నాను. అద్దం దగ్గర వరుస మొదలైంది. లాంతరు పలికాడు. అత్తరు పలికాడు. "రాగం!" అన్నారు. ఎప్పటిలాగే నిశ్శబ్దం అనుకున్నాను. సన్నగా కూనిరాగం వినిపించింది. తర్వాత, "ఉన్నా పెద్దన్నా."

నా చేతిలో జడ విడిపోయింది.

"ఏమండీ! రాగం బదులు మీరెందుకు పలికారు?"

మొహం నిండా నురుగుతో నావైపు తిరిగారు. ఆయనా బెదిరిపోయి ఉన్నారు. "ఏమోనే. నోరు జారింది" అన్నారు.

ఆ ఆఫీసులో పొడవాటి గది, గోడవారగా బెంచీలు, బల్ల వెనక నెరిసిన జుట్టు డాక్టరు. అడగనే అడిగాడు. "ఎలా ఉన్నావు?"

చంకకర్ర నేలమీద పడ్డ చప్పుడైంది. నిటారుగా నిలబడ్డారు. ముందురోజు వల్లె వేసిన చదువు గంగలో కలిసింది. "అంతా బాగే సార్!"

డాక్టరు కలం తీశాడు. నేనెప్పుడు లేచానో నాకే తెలీదు.

"సార్, ఒక్క మాట. మీరు అడిగితే ఆయన బాగే ఉంటారు. ఆయన సంగతి అడక్కండి. ఆయన మనుషుల సంగతి అడగండి."

"మనుషులెవరమ్మా?"

"గొయ్యి దగ్గర ఆయన కింద పనిచేసినవాళ్ళు. వాళ్ళ గురించి ఆయన ఏదీ దాచరు. పెద్ద కదా."

డాక్టరు నావైపు చూసి, ఆయనవైపు చూసి, గొంతు మార్చాడు. "నీ మనుషులు ఎలా ఉన్నారు? ఒక్కొక్కరి సంగతీ చెప్పు."

"లాంతరు, సార్. ముందు మెట్లెక్కలేకపోయాడు. తర్వాత వెల్లకిలా పడుకోలేకపోయాడు. పోయాడు సార్. అత్తరు, సార్. దగ్గితే రుమాలు నల్లబడేది. చివర్లో అన్నం ముద్ద మింగి మళ్ళీ ముద్దకి ఆయాసం తీర్చుకోవాల్సి వచ్చేది. పోయాడు సార్. రాగం, సార్. తెలీదు సార్."

"వాళ్ళకి పెద్ద ఒకడున్నాడుగా. అతనెలా ఉన్నాడు?"

మా ఆయన ఎదురుగా గోడనే చూస్తున్నారు.

"గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నాడు సార్. పెళ్ళాం లేవకముందే రుమాలు ఉతికేసుకుంటున్నాడు. కూతుర్ని ఎత్తుకోమంటే ఆటలో పడ్డట్టు తప్పించుకుంటున్నాడు."

రుమాలు సంగతి నాకు తెలీదు.

డాక్టరు చాలాసేపు రాశాడు. రాసి, "నేను నమ్ముతున్నానమ్మా. కానీ అక్కడ గొయ్యి ఉండేదని కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ పొగలో ఈయనతో పాటు నిలబడినవాడు ఒక్కడైనా వచ్చి చెప్పాలి. వచ్చే నెల మొదట్లో మళ్ళీ కూర్చుంటాం, తీసుకురండి" అన్నాడు.

మిగిలింది రాగం ఒక్కడే.

ఇంటికొస్తూనే ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే. ఇప్పుడు మోగడం కూడా లేదు. పాత గది ఖాళీ చేసి వేరే ఊరు మారానని చెప్పాడే గాని, ఏ ఊరో మేం అడగలేదు, ఫోనుందిగా అనుకున్నాం. ఈయన్నీ పాపనీ వదిలి నేను ఊళ్ళు పట్టుకు తిరగలేను. అద్దం దగ్గర రోజూ చెవులు రిక్కించి వింటున్నాను. కొన్ని పొద్దులు ఆ పేరు దగ్గర ఆయన ఊరుకుంటున్నారు. కొన్ని పొద్దులు పలుకుతున్నారు. అడిగితే "నాకేం తెలుసే, నోటికి తెలుసు" అంటున్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. రాగం చెప్పిన గుర్తులు ఇవే. కొత్త గది దర్జీ కొట్టు పైన, మెట్లు బయటి నుంచి ఉంటాయి. అతను ఫోన్లో మాట్లాడుతుంటే కింద కుట్టుమిషను చప్పుడూ, దగ్గర్లో రైలు పెట్టెలు తగిలించే చప్పుడూ వినిపించేవి. మనిషి పొడుగు, కొంచెం వంగి నడుస్తాడు. మెట్ల మధ్యలో కూర్చుని కూనిరాగం తీస్తుంటే హుషారుగా ఉన్నాడనుకుంటారు. కాదు, ఊపిరి కూడదీసుకుంటున్నాడు. మీ ఊళ్ళో అలాంటి గది ఉంటే ఒక్కసారి పైకెక్కి తలుపు తట్టండి. పెద్దన్న పిలుస్తున్నాడని చెప్పండి. తలుపు తియ్యకపోతే దర్జీని పిలిచి తీయించండి. రేపనకుండా ఇవాళే వెళ్ళండి.