సుశీలమ్మ చందా

ఆ బుధవారం వచ్చిన వారపత్రిక పైకాగితం మీద ఎర్ర సిరాతో ముద్ర ఉంది. మరి నాలుగు సంచికలతో మీ చందా ముగుస్తుంది, వెంటనే పంపగలరు అని. ముద్ర వేసినవాళ్లకు సుశీలమ్మ మిరప తోటకు ముడత తెగులొచ్చిందని ఎలా తెలుస్తుంది? ఆమెకు మాత్రం ఎవరో వాకిట్లో నిలబడి పేరు పెట్టి అడిగినట్టే అయింది.

"మళ్ల కడ్తరా అమ్మా, బంద్ చేస్తరా?" అన్నాడు హరిలాల్, ఒక కాలు నేల మీద ఆనించి, సైకిలు దిగకుండానే. ములకలపల్లి నుంచి ఆ అడవి అంచు పల్లెలకు టపా తెచ్చేది అతనే. ఎవరి చందా ఎప్పుడు అయిపోతుందో వాళ్లకంటే ముందు అతనికే తెలుస్తుంది.

"ఆలోచించాలయ్యా," అంది సుశీలమ్మ.

ఏడాదికి నూట ముప్పై రూపాయలు. బాగా పండిన ఏడు అది లెక్కలోకి వచ్చేది కాదు. ఎనభై ఏడులో, ఎకరాలకు ఎకరాలు మిరప ముడుచుకుపోయి పెట్టుబడి కూడా చేతికి రాని ఆ ఏడు, అది పదమూడు మంది ఆడకూలీల ఒకరోజు కూలి. సాయంత్రం భర్త వెంకటనారాయణకు అన్నం వడ్డిస్తూ ముద్ర సంగతి చెప్పింది.

"బస్సులో వచ్చే నా పేపరు పోయిన నెలలోనే మానిపించాను," అన్నాడు ఆయన. "నిన్నటి వార్తలకి డబ్బులెందుకని. నీ పుస్తకం సంగతి నువ్వే చూసుకో సుశీలా. నేను వద్దనను."

వద్దంటే పోట్లాడవచ్చు. వద్దనను అన్న మనిషితో ఏం చేస్తాం?

సుశీలమ్మది మధిర. రైలు దిగిన పత్రికల కట్ట స్టేషన్ కొట్లో విప్పగానే కొనుక్కొచ్చి, అన్నదమ్ముల చేతుల్లోంచి లాక్కుని చదివిన పిల్ల. ఇక్కడ భూమి చవకని వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ ఇంట్లో గిన్నెల మీద మామగారి పేరు, పాసుపుస్తకం మీద భర్త పేరు. తన పేరు రాసుకుని గడప తొక్కేది ఆ వారపత్రిక ఒక్కటే. అది మానేస్తే తన పేరును ఈ ఊళ్లో మళ్లీ ఎవరు రాస్తారని ఆమెకు దిగులు. ఈ మాట పైకి అంటే నవ్వుతారని తెలుసు, అందుకే అనలేదు.

అలాగని ఆవిడ కళ్లు మూసుకుని ఖర్చు పెట్టే మనిషి కాదు. తనకు తనే ఒక పరీక్ష పెట్టుకుంది. రాబోయే నాలుగు సంచికలూ పైకాగితం విప్పకుండా గూట్లో పెట్టేయాలి. ఉండగలిగితే చందా మానేయడం, ఉండలేకపోతే ఏదో ఒకటి తగ్గించుకుని కట్టడం. చేసేది న్యాయంగా చేయాలి కదా.

అంతా బాగానే ఆలోచించింది గానీ గంగక్కను మరిచిపోయింది.

గంగక్కది అడవిలో మూడు మైళ్ల లోపలి కోయగూడెం. ప్రతి గురువారం సంతకు చింతపండో, తేనో, అడ్డాకులో తెచ్చి అమ్ముకుని, తిరిగి వెళ్తూ సుశీలమ్మ అరుగు మీద కూర్చుంటుంది. చదువు రాదు. సుశీలమ్మ పత్రికలోని సీరియల్ చదివి వినిపిస్తే, గంగక్క బొమ్మలు చూస్తూ వింటుంది. సీరియల్లో కాత్యాయని అనే అమ్మాయి, కొట్టే మొగుడి ఇల్లు విడిచి అన్నగారింటికి వచ్చేసింది. ఎండాకాలంలో గంగక్క కూతురు జంపక్క కూడా తాగి కొట్టే మొగుణ్ణి విడిచి పుట్టింటికొచ్చింది. అప్పటినుంచి గంగక్క వినే తీరు మారింది. గూడెం పెద్దమనుషులు పిల్లను పంపమంటున్నారు, గంగక్క ఎటూ తేల్చుకోలేక ఉంది.

పరీక్ష మొదలైన మర్నాడే వచ్చి కూర్చుంది. "ఏమయిందమ్మా ఆ పిల్ల ముచ్చట? మొగడు వచ్చి కాళ్లు పట్టుకున్నడు గద. పోయిందా?"

పుస్తకం రాలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ముఖం చూశాక సుశీలమ్మకు ఆ మాట రాలేదు. లోపలికి వెళ్లి పాత సంచిక తెచ్చి, ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ చదువుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. కాత్యాయని వెళ్లలేదు. మొగుణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి, నా ఒంటి మీద దెబ్బలు మానాక చూద్దాం పొమ్మంది. ఇంత అబద్ధం ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

తర్వాత రెండు గురువారాలూ అంతే. వంట చేస్తూ, పాలు పితుకుతూ ఆ వారం కాత్యాయని ఏం చేయాలా అని ఆలోచించుకునేది. గూట్లో సంచికలు విప్పకుండా అలాగే ఉన్నాయి. వాటి మీద బెంగ ఉంటుందనుకుంది, మొదటి వారం ఉంది కూడా. మూడో వారానికి అటు చూడటం కూడా మానేసింది. తొమ్మిదేళ్లు ప్రాణంగా చూసుకున్నది ఇంత తొందరగా అక్కర్లేకుండా పోయిందే అని ఆమెకు కష్టంగా కూడా అనిపించింది.

నాలుగో బుధవారం చివరి సంచిక వచ్చింది. పరీక్ష అయిపోయింది కాబట్టి మధ్యాహ్నం అన్నీ ముందేసుకుని విప్పింది. మొదటి సంచికలోనే కాత్యాయని పెట్టె సర్దుకుని మొగుడి వెంట వెళ్లిపోయింది. రెండోదానిలో అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడోదానిలో మొగుడు తాగుడు మానేశాడు, అదీ రెండు పేరాల్లో. నాలుగోదానిలో సీమంతం.

సుశీలమ్మకు ముందు కోపమొచ్చింది, తర్వాత భయమేసింది. సీరియల్ రాసినాయన ఎలా రాసుకున్నా ఆయన ఇష్టం. తను చెప్పినదాన్ని పట్టుకుని గంగక్క ఏమైనా చేస్తే? ఎవరిదో కూతురి బతుకు. సాయంత్రం దాకా ఆమెకు ఏ పనీ సాగలేదు.

గురువారం గంగక్క గంప దించుతూనే చెప్పింది. "ఆదివారం అల్లుడొచ్చిండమ్మా. పెద్దమనుషుల్ని ఎంటబెట్టుకొచ్చిండు. పంపనని జెప్పిన. దెబ్బలు మానినంక చూద్దాం పొమ్మన్న."

సుశీలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. "గంగక్కా, నేను నీతో తప్పు చేశాను. అది పుస్తకంలో లేదు. నేనే కల్పించి చెప్పాను."

"ఎరికే," అంది గంగక్క.

"ఎలా తెలుసు?"

"మూడు వారాల సంది ఒక్కటే బొమ్మ సూపెడ్తున్నవ్. ఆ పిల్ల కిటికీ కాడ నిలబడ్డ బొమ్మ. ఎప్పుడన్న అట్ల జేస్తరా? వారం వారం కొత్త బొమ్మ ఏస్తరు." గంగక్క నవ్వలేదు, తప్పు పట్టినట్టూ అనలేదు. "మరి బుక్కుల ఏం రాసిండ్రు? పోయిందా?"

"వెళ్లిపోయింది. మొగుడు మంచివాడైపోయాడు."

"ఎట్లయిండు?"

"అది రాయలేదు," అంది సుశీలమ్మ.

"గట్లయితే ఆ బుక్కుకు పైసలెందుకు కడ్తవమ్మా?" అంది గంగక్క. గంపలో మిగిలిన చింతపండు రెండు గుప్పిళ్లు తీసి అరుగు మీద పెట్టి, చీకటి పడేలోపు గూడెం చేరాలని లేచింది. ఎప్పుడూ అలాగే పెడుతుంది. ఇంట్లో చింతపండు ఉన్నా పెడుతుంది. అది దేనికోసమో సుశీలమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వెళ్తున్న గంగక్క వీపు చూస్తూ ఇప్పుడు ఆలోచించింది, సిగ్గుపడింది, ఆ వెంటనే, అది తను చెప్పిన కథకే అని తోచి చెప్పరానంత సంతోషం కూడా కలిగింది.

ఆ రోజే భర్తతో చెప్పింది. "పుస్తకం మానేస్తున్నానండీ."

"నా కోసం మానకు," అన్నాడు వెంకటనారాయణ.

"మీ కోసం కాదు. ఆ డబ్బుకి తగ్గట్టు లేదు."

మరుసటి బుధవారం హరిలాల్ రాలేదు. గురువారం గంగక్క వచ్చింది. ఈసారి వెనకాల జంపక్క కూడా ఉంది. పాతికేళ్లు కూడా ఉండవు. ఎడమ మోచేయి పూర్తిగా చాచలేకపోతోంది. మెట్టు మీద ఒక వారగా కూర్చుని, సుశీలమ్మ ఖాళీ ఒడి వైపు చూసింది.

"పుస్తకం రావడం మానేసింది," అంది సుశీలమ్మ.

"మంచిగయింది. చెప్పు," అంది గంగక్క.

జంపక్క తల ఎత్తకుండానే అడిగింది. "ఆ పిల్ల ఇగ ఏం జేస్తదమ్మా?"

సుశీలమ్మ దగ్గర కథ సిద్ధంగానే ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని ముచ్చటగా అల్లి పెట్టుకుంది. కాత్యాయని టైపు నేర్చుకుంటుంది, బస్తీలో ఉద్యోగం వస్తుంది, మొదటి జీతంతో తల్లికి చీర కొంటుంది. చెప్పబోయి ఆ మోచేయి చూసి ఆగిపోయింది. ఆ సీరియలాయన మొగుణ్ణి రెండు పేరాల్లో మార్చినట్టే తనూ ఈ పిల్లను రెండు మాటల్లో ఒడ్డెక్కించబోయింది.

"నాకు తెలియడం లేదమ్మా," అంది నిజంగానే. "నువ్వయితే ఏం చేస్తావు?"

జంపక్క చాచలేని చేతిని రెండో చేత్తో ఒళ్లోకి తీసుకుంది. తల్లి ఆమెను తొందర పెట్టలేదు.

"ముందుగాల నిద్రపోతది," అంది జంపక్క. "తలుపు సప్పుడైతదేమోనని భయం లేకుంట. ఒక నెల దినాలు ఉత్తగ నిద్రపోతది."

సుశీలమ్మ, కాత్యాయని నిద్రపోవడం ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టింది.