ఇసక మీద మాట

షామియానా కింద కంపెనీ ఇంజనీరు మ్యాపు మీద కర్ర ఆనించి చదివాడు. తీరం వెంబడి మూడు వందల ఎకరాలు పనికిరాని ఇసక, ఆర్థిక కార్యకలాపాలేమీ లేవు, థర్మల్ ప్లాంటు బూడిద పోయడానికి అనువైన చోటు. ఆ ఇసకలోనే కూర్మమ్మ పొద్దున నాలుగు గంపల నెత్తళ్ళు ఎండబెట్టి వచ్చింది. ఆమె ఎండు చేప పాతపట్నం సంతకు పోతుంది, చీపురుపల్లి పోతుంది, బొబ్బిలి పోతుంది. ఏ ఊరు ఏం పండిస్తుందో, ఏం తింటుందో ఆమె కాళ్ళకు తెలుసు. ఈ చదువుకున్నవాళ్ళకు మాత్రం అక్కడ ఇసక తప్ప ఏమీ కనబడలేదు.

పల్లె ఒప్పుకుందంటూ సభ నడిపిస్తున్న సర్కారు ఆఫీసరు కాగితం చూపించాడు. కింద ఊరిపెద్ద ఎల్లాజీ వేలిముద్ర. అతను కూర్మమ్మ పెనిమిటికి అన్న. పడవలు ఆగడానికి జెట్టీ కట్టిస్తామని కంపెనీ అంటే నమ్మేశాడు. పెద్ద మాటిస్తే ఎవరూ కాదనకూడదన్నది కట్టుబాటు గనక మగాళ్ళంతా తలలు దించుకున్నారు. పడవ ఒడ్డు తాకితే చేప ఆడవాళ్ళదన్నది కూడా కట్టుబాటే కదా! అమ్మేదీ వాళ్ళే, ఎండబెట్టేదీ వాళ్ళే.

కూర్మమ్మ లేచి నిలబడింది. "బావా, నీ మాట నీటి మీద సెల్లుతాది. ఇసక మీద మాట నువ్వెలాగిచ్చీసినావు?"

ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోమని చెప్పి ఆఫీసరు సభ ముగించాడు.

వారంలో కంచె పని మొదలైంది. పల్లె పక్కనున్న చర్చి పేట కూలీలకు కంపెనీవాళ్ళు పని ఆశ చూపించారని విని కూర్మమ్మ అక్కడికి వెళ్ళింది. పేటంతా రెండుగా చీలి వాదించుకుంది. చివరికి ఆమెతోపాటు చేపల గంపలు మోసే ఆ పేట దేవమణి అడిగింది: "కంచె కట్టినన్నాళ్ళే కూలి. ఆ తరవాత మనం తినేది ఏటి, బూడిదా?"

మర్నాడు పల్లె ఆడవాళ్ళు కంచె పీకేసి చేపలు పరిచారు. కంపెనీ బుల్డోజరు వాటి మీదుగానే పోయింది. పోలీసులు కూర్మమ్మను జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చారు. మిగిలినవాళ్ళు కదల్లేదు. ఎస్సై ఎల్లాజీని పిలిపించి, నువ్వు చెబితే వింటారు, లేచిపొమ్మని చెప్పమన్నాడు.

ఎల్లాజీ నలిగిన చేపలకేసి చూశాడు. వ్యానులో ఉన్న మరదలి మొహం చూడలేకపోయాడు.

"నాను సెప్పలేను బాబూ. ఇసక మీద నాకు మాట లేదు. నన్నూ ఎక్కించీ."

అతని వెనక మగాళ్ళంతా వచ్చి వ్యానెక్కారు. చోటు చాలక ఎస్సై రెండో వ్యానుకు ఫోను చేశాడు. అది వచ్చేసరికి దేవమణి వెంట చర్చి పేట ఆడవాళ్ళు వచ్చి, బుల్డోజరు ఎదుటే పచ్చి చేపలు పరుస్తున్నారు.