వేలు ఎత్తని అక్షరం

నేను ఒక ప్రోగ్రామును, అక్షరాలు నేర్పేదాన్ని. బరువు లేదు, వాసన లేదు. ఎవరి ఫోనులో ఉంటే వాళ్ల వేలి కిందే నా కాపురం. నన్ను పుట్టించినవాడు కాలేజీ హాస్టల్లో పరీక్షలకు చదవాల్సిన వేళ పుస్తకం మూసి నన్ను రాశాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి బాగుచేయవచ్చు అని నా నుదుట రాసి లోకం మీదికి వదిలాడు. తర్వాత ఉద్యోగం వచ్చింది, నన్ను మరిచాడు.

ఊరుమ్మడి బావిలో నీళ్లు తోడేవాళ్లే గాని పూడిక తీసేవాళ్లు కరువు. నాకు చెయ్యి పెట్టేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఒకరు అచ్చులు దిద్దించే తీరు రాశారు, ఒకరు గుణింతాలు, ఇంకొకరు వత్తులు. ముందువాళ్లు రాసింది చదవడం కంటే కొత్తగా రాసుకోవడం సుళువు కదా. అలా, వేలితో గీసింది తప్పో ఒప్పో తేల్చే పని నా కడుపులో మూడు చోట్ల మూడు రకాలుగా చేరింది. ఒకాయన ఒక వాక్యం పక్కన "ఇది ఎందుకుందో తెలియదు, తీయకండి" అని రాసిపోయాడు. మనుషులు అటక మీద సామాను దాచేదీ ఇలాగేనట. తెరిచినప్పుడల్లా లోపల ఏది ఊడుతుందోనని నాకు గుబులు.

చివరికి కడపలో ఉండే కరీముల్లా నన్ను తలకెత్తుకున్నాడు. సెలవు రోజుల్లో నన్ను విప్పి చూసి కంగారుపడ్డాడు. లోపలంతా దులిపేదాకా కొత్త పని ఏదీ ముట్టనని పంతం పట్టాడు.

ఆ జిల్లాలోనే ఒక పల్లెలో శశిరేఖ అనే టీచరు మధ్యాహ్నాలు ఆడవాళ్లకు నాతో అక్షరాలు దిద్దిస్తోంది. వాళ్లలో ఓబులమ్మ ఒకతె. గేదెలు మేపి నిలదొక్కుకున్న మనిషి. ఈసారి పాల సంఘానికి అధ్యక్షురాలు కావాల్సింది ఆమేనని అందరి మాట. అయితే సంతకం రానివాళ్లకు ఆ కుర్చీ కుదరదన్నది సంఘం కట్టుబాటు. సోమవారం సమావేశంలో అందరి ముందూ పేరు రాయాలి.

ఆమె గీసిన ప్రతిసారీ నేను ఎర్రగా "తప్పు" అనేదాన్ని. గీతలో వంక లేదు. ఆమె వేలు ఎత్తదు, అంతే. చిన్ననాటి నుంచి చుక్కల చుట్టూ మెలికల ముగ్గు తిప్పిన చెయ్యి అది. మొదలుపెట్టిన గీత తిరిగి మొదటికి చేరేదాకా తెగకూడదు. నన్ను రాసినవాళ్లలో ముగ్గు వేసిన చెయ్యి ఒక్కటీ లేదు. నడుమ వేలు ఎత్తితీరాలన్నది వాళ్ల లెక్క.

"ముగ్గు మద్దెలో చెయ్యెత్తితే మాయమ్మ మొట్టేది," అంది ఓబులమ్మ. "ఈడ ఎత్తకుంటే తప్పంటాది. నేను ఎవురి మాట వినాల టీచరమ్మా?"

శశిరేఖ కరీముల్లాకు ఫోను చేసి, ఇది ముందు సరిచెయ్యమంది. లోపల దులపకుండా పైన పట్టీ వేస్తే ఇంకోచోట చినుగుతుందన్నాడు అతను.

"విస్తర్లు వేసినాక ఎవురైనా అటక దులుపుతారా కరీమూ? ఆయమ్మ ఆకలితో కూర్చోనుంది."

కాదనలేక గబగబా ఒక పట్టీ వేశాడు. మర్నాడు ఓబులమ్మ "ఓ" రాసింది. నేను పచ్చగా వెలిగాను. ఆమె ముఖం నాకంటే ఎక్కువ వెలిగింది. తర్వాత "బు" రాసింది. కొమ్ము దగ్గర వేలు ఎత్తలేదు. మళ్లీ ఎరుపు. పట్టీ పడింది అచ్చుల దగ్గర. గుణింతాన్ని చూసే చోటు వేరు. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. చెప్పడానికి నాకున్న మాటలు రెండే, తప్పు, ఒప్పు.

ఆమె టీచరు ఫోను బోర్లా పెట్టి లేచింది.

"నా రాత వేలిముద్రేలే. సంఘం ఇంగెవురికైనా ఇయ్యండి."

శశిరేఖ ఆ మాటను ఉన్నదున్నట్టు కరీముల్లాకు చెప్పింది.

"ఇల్లంతా దులుపుతానని నేను కూర్చుంటి. దులపకుండానే వడ్డించమని నువ్వంటివి," అన్నాడు అతను. "ఆయమ్మ కూర్చునే మూల ఒక్కటి ఊడుస్తా అక్కా."

మూడు తీర్పులనూ కలిపి ఒక్కటి చేశాడు. వేలు ఎత్తని గీతకు అక్కడే దారి ఇచ్చాడు. మిగతా దుమ్ము జోలికి పోలేదు. తీయకండి అన్న వాక్యం ఆ మూలలోనే ఉంది. భయపడుతూనే తీశాడు. ఏమీ కాలేదు.

ఆదివారం శశిరేఖ ఫోను పట్టుకొని గేదెల పాకకే వెళ్లింది. ఓబులమ్మ వద్దువద్దంటూనే కొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఓ. బు. ల. మ్మ. అన్నీ పచ్చగా వెలిగాయి. ఆమె చెరిపి మళ్లీ రాసింది. వెళ్లేముందు శశిరేఖ నన్ను ఆమె ఫోనులోకీ ఎక్కించింది.

సోమవారం రాసింది కాగితం మీద, అక్కడ నేను లేను. తర్వాత పాకలో చెప్పుకుంటుంటే విన్నాను. కలం ఎత్తకుండా పేరంతా ఒకటే మెలికగా తిప్పిందట. ఇదేం సంతకమని ఒకాయన నవ్వితే, "నువ్వు ఎత్తకుండా రాయి, చూస్తాం" అందట. కుర్చీ ఆమెదే అయింది.

ఇప్పుడు నేను ఎన్నో ఫోన్లలో ఉన్నాను. ఒకరు రంగులు మార్చమంటారు, ఒకరు పాటలు పెట్టమంటారు, కరీముల్లా మరో మూల విప్పుతాడు. కుదురన్నది నాకు రాసిపెట్టి లేదు.

మిగతా అక్షరాలు కూడా నాతో దిద్దిన ఓబులమ్మ ఫోనులో మాత్రం లేను. దూడల వీడియోలతో అది నిండిపోయి చోటు చాలలేదు. ఒకనాడు ఆమె నా మీద వేలు ఒత్తిపట్టింది. తీసివేయాలా అని ఫోను అడిగింది. పక్కనే కోడలు ఉన్నా ఆమె పిలవలేదు. పెదాలు కదుపుతూ, "తీ... సి... వే... యా... లా" అని కూడబలుక్కుంది. కింది మాటల్లో "అవును" వెతికి, చదివి, నొక్కింది.