పేరు పలకని కోత

నేను ఒక కత్తిని. కూరగాయలు తరిగే కత్తిని కాదు, మేక మెడ మీద పెట్టే కత్తిని. ఈ మాట వినగానే మీలో కొందరు ముఖం పక్కకు తిప్పుకుంటారని నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని వచ్చి, లేత తొడే కావాలని పట్టుబట్టేదీ మీరే. అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. నేను చెప్పబోయేది నా పదును గురించి కాదు, నా భయం గురించి. కత్తికి భయమేమిటని నవ్వకుండా వింటే చాలు.

మొదట నేను ఒక లారీ కింద కమాను పట్టీని. ఆ లారీ తుక్కుకు పోయాక ఓబులేసు అనే కమ్మరి నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి, తుమ్మకర్ర పిడి తొడిగాడు. నన్ను చేయించుకున్నవాడు ఇమాంసా. మా ఊరి మసీదు వీధిలో మాంసం కొట్టు ఆయనదే.

ఇమాంసాకు కొన్ని పట్టింపులుండేవి. మేకకు నీళ్ళు తాపనిదే ముట్టడు. నన్ను వీపు వెనక దాచుకుని తెస్తాడు. కత్తిని చూపిస్తే దాన్ని రెండుసార్లు చంపినట్టేనట. ఒకదాని కళ్ళ ముందు ఇంకొకదాన్ని కోయడు. మెడ మీద నన్ను ఆనించే ముందు "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అని వీధిలోకి వినబడేలా పలుకుతాడు. ప్రాణం పోసినవాడి పేరు చెప్పకుండా ప్రాణం తీయడానికి మనమెవరం అనేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కూడా బిస్మిల్లా అనాల్సిందేననేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. ఖయామత్ రోజున, అంటే లోకానికి తీర్పు జరిగే నాడు, మనిషి నోటికి ముద్ర పడుతుందట, అతని చేతులూ కాళ్ళే లేచి సాక్ష్యం చెబుతాయట. చేతుల్నే అడిగేటప్పుడు చేతిలో ఉన్న నన్ను మాత్రం వదిలిపెడతారా? ఆ మాట విన్నప్పటి నుంచి నా గుండెలో రాయి పడింది. కోతకు ముందు వచ్చే ప్రతి పలుకూ చెవి ఒగ్గి వినడం అలవాటు చేసుకున్నాను.

ఇమాంసా పోయాక ఆయన కొడుకు ఖలందర్ చేతికి వచ్చాను. మంచివాడు. ఐదు పూటలా నమాజు చేస్తాడు, రంజాన్ నెలలో ఒక్క రోజా ఉపవాసం విడవడు, జబ్బు మేకను కొట్టు గడప తొక్కనివ్వడు. మొదట్లో తండ్రి పలికినట్టే పలికేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పలుకు గబగబా సాగింది, ఆ తర్వాత గొణుగుడైంది, చివరికి పెదవుల కదలికగా మిగిలింది. మనుషుల పలకరింపులన్నీ ఇంతే కదా. బాగున్నారా అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోతారు. దేవుణ్ణి కూడా అలాగే పలకరిస్తున్నాడే అని నాకు గుబులుగా ఉండేది.

గఫార్ భాయ్ కొడుకు పెళ్ళయింది. మరునాడు వలీమా విందు. గఫార్ భాయ్ సిమెంటు వ్యాపారి, నలుగురిలో మాట చెల్లే మనిషి. ఆయన పెరట్లోనే మేకలు కోసి, అక్కడే ముక్కలు కొట్టి, అక్కడే బిర్యానీ డేక్షాల్లోకి ఎత్తాలి. ఖలందర్ భార్య బీబీజాన్ కూడా వచ్చి ఉల్లిపాయలు తరుగుతోంది. చివరి మేక దగ్గర ఖలందర్ జేబులో ఫోను మోగింది. సోమవారం ఎవరింట్లోనో ఫంక్షనట, మేకలు కావాలట. ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, ఎడమచేత్తో మేక తల పట్టుకుని, కుడిచేత్తో నన్ను ఎత్తాడు.

నేను ఎదురుచూశాను.

"ఆఁ, సోమవారమే తెస్తాలే" అన్నాడు. కోత పడిపోయింది. పేరు రాలేదు. అరిచి చెబుదామంటే నోరు లేదు, వెనక్కి తీసుకుందామంటే తెగిన మెడ అతకదు.

అతనికి అది వెంటనే తట్టలేదు. తోలు తీసి, ముక్కలు కొట్టి, మిగతా మాంసం ఉన్న పెద్ద గంగాళంలోనే వేసి కలిపేశాక అతని చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. నా పిడి చెమటతో జారింది. గంగాళం వైపు చూశాడు. ఏ ముక్క ఏ మేకదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పేరు పలకని మాంసం తినరాదు, ఇక విందంతా అనుమానంలో పడింది.

నన్ను తువ్వాలులో చుట్టుకుని, పెళ్ళివారికి దువా చేసి దీవించడానికి ముందుగా వచ్చి షామియానా కింద కూర్చున్న, మసీదులో నమాజు చేయించే హజరత్ దగ్గరికి వెళ్ళాడు. గొంతు తగ్గించి జరిగింది చెప్పాడు. హజరత్ కంగారు పడలేదు. మరిచిపోయి ఉంటే మాఫీ ఉంది, ఆ మాంసం హలాలే, నిశ్చింతగా వండుకోవచ్చన్నాడు. తెలిసీ లెక్కచేయక వదిలేసి ఉంటే మాత్రం చెల్లదన్నాడు.

"నాదేది హజరత్?" అని అడిగాడు ఖలందర్.

"అది నేనెట్ల చెప్పేదప్పా? నీ లోపలిది నీకు తెల్సు, పైవానికి తెల్సు."

తేలిక పడదామని వెళ్ళినవాడు ఇంకా బరువెక్కి లేచాడు. ఇక గఫార్ భాయ్‌కి చెప్పాలి. చెబితే మాట ఊరంతా పాకుతుంది, కొట్టు మూతపడుతుంది, తండ్రి సంపాదించిన నమ్మకం మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే, ఇతని మీది నమ్మకంతో వందలమంది తింటారు. పెరడు దాటేలోపు అతను ఎన్నిసార్లు ఆగాడో! చెప్పొద్దని ఒకసారి, చెప్పెయ్యమని ఒకసారి నేనూ లోలోపల కొట్టుకున్నాను. చివరికి చెప్పేశాడు.

గఫార్ భాయ్ చుట్టూ చూసి, హజరత్ ఏమన్నాడని అడిగాడు. మరిచిపోయి ఉంటే చెల్లుతుందన్నాడని ఖలందర్ చెప్పాడు. మరిచిపోయానని గట్టిగా అనలేకపోతున్నానని కూడా చెప్పాడు.

"నువ్వు అనలేకుంటే నేనంటాండా. మరిచిపోయినావు, అంతే. ఈ మాట ఈడనే పూడ్చిపెట్టు" అన్నాడు గఫార్ భాయ్. పొయ్యి మీద నూనె కాగుతుంటే మనుషులు ఎంత త్వరగా తీర్పులు చెప్పగలరో అప్పుడు చూశాను.

ఖలందర్ వచ్చి బీబీజాన్ పక్కన కూలబడ్డాడు. ఆమె అంతా విని కళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళు ఉల్లిపాయల వల్లో కాదో నాకు తెలియదు.

"మరిచిపోయినావులే. కావాలని చేసే మనిషివి కాదు నువ్వు" అంది. ఇంకో ఉల్లిపాయ అందుకుని మళ్ళీ అంది. "ఐతే ఈ మేక కాడనే ఎందుకు భయపడతాండావు? నమాజు చాప మీంచి లేస్తానే సంతలో మేకల రేటు ఎత్తుతావు. ఆడ నిలబడినంతసేపూ ఏం చదివినావో నీకు తెల్సునా?"

అంతదాకా ఖలందర్ భయం ఒక్క మేకది. ఆ మాటతో అది కొన్నేళ్ళ నమాజులకు పాకింది.

ఇంతలో చుట్టాలు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తున్నారని కబురొచ్చింది. గఫార్ భాయ్ ఇంకో మేకను తోలుకొచ్చి కట్టించాడు. ఖలందర్ దానికి నీళ్ళు పెట్టాడు. నన్ను వీపు వెనక పట్టుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి వణుకుతోంది. వణికే చేత్తో కోస్తే మేకకు నరకం, అదొక పాపం. నోరు తెరిచాడు, మూశాడు. లేచి వెళ్ళి, నమాజుకు ముందు చేసినట్టే చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. గఫార్ భాయ్ పక్కన నిలబడి తొందర పెట్టాడు.

"ఆగు భాయ్. మాట నోటికాడనే ఉంది, ఇంగా లోపలికి దిగలే."

అప్పుడు అతను పలికాడు. గట్టిగా కాదు, ఎదుట నిలబడి వింటున్నవాడితో చెప్పినట్టు, ఒక్కొక్క మాటా భయపడుతూ పలికాడు. అంతటి భయం ఇమాంసా గొంతులో కూడా నేను వినలేదు. చెయ్యి నిలిచింది. నా పని ఒక్క రెప్పపాటులో ముగిసింది.

విందు మొదలైంది. ఖలందర్ షామియానా పక్కన కొళాయి దగ్గర నన్ను కడుగుతున్నాడు. గఫార్ భాయ్ పెద్దల మధ్య కూర్చుని నవ్వుతూ ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, రెండో ముద్ద ఎత్తాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది. నవ్వు పోయింది. ఒకసారి ఖలందర్ వైపు చూసి, పక్కనున్న పెద్దాయన వైపు ఒంగి మెల్లగా అడిగాడు.

"నేను బిస్మిల్లా అంటినా?"

నములుతున్న పెద్దాయన నమలడం ఆపేశాడు.