కోడి తల ఎటు తిరిగింది

జ్వరం వచ్చిందని చెప్పి ఆ సాయంత్రం విందు ఎగ్గొడదామా అని కూడా ఆలోచించాడు వెన్‌జే. కానీ ఏడాది చివర కంపెనీ పెట్టే విందుకు రాకపోతే, తప్పు చేసినవాడే మొహం చాటేశాడని షిన్‌చూ ఊరంతా అనుకుంటుంది. ఆ ఊళ్లో ఇంటికొకరు చిప్‌లు గీసేవాళ్లే. ఎవరి చిప్ చచ్చిందో కూరల బజారులో కూడా తెలిసిపోతుంది.

చచ్చింది అతని చిప్పే. ఒకే జత తీగల మీద తెరకు వెళ్లే బొమ్మా, డిస్కుకు వెళ్లే సమాచారమూ రెండూ నడవాలి. రెండిటి పద్ధతులూ వేరు, వేగాలూ వేరు. విడివిడిగా కడితే చోటు దండగని, రెండిటికీ కలిపి ఒకే సర్క్యూట్ గీశాడు. అందంగానే గీశాడు, అందులో అబద్ధం లేదు. కాకపోతే కరెంటు ఆదా చేసి మెప్పు కొట్టేయాలని, డిస్కు నిద్రపోగానే రెండిటినీ నడిపించే ఉమ్మడి క్లాక్ కూడా ఆగిపోయేలా పెట్టాడు. డిస్కు కునుకు తీస్తే చాలు, తెర నల్లబడిపోతుంది.

పరీక్షల పని చూసే షూమిన్ ఈ సంగతి ముందే అడిగింది. మీటింగులో అందరి ముందూ, "ఒకళ్లు పడుకున్నాక రెండోవాళ్లు ఇంకా మాట్లాడుతుంటే ఎట్లా అన్నా?" అంది. కాలేజీలో ఆమెకు అతను సీనియర్. ఆ చనువుతో, ఆ పొగరుతో, "నీ అనుమానానికో క్లాక్ పెట్టుకుంటూ పోతే చిప్పు కాస్తా పెనమంత అవుద్దమ్మా," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఆ పరీక్ష రాయడం మానేసింది. ఇప్పుడు కొన్నవాళ్ల దగ్గర తెరలు నల్లబడుతుంటే, పరీక్ష ఎందుకు రాయలేదని అందరూ ఆమెనే నిలదీస్తున్నారు. వెన్‌జే మాత్రం నోరు విప్పలేదు. కొత్త ఏడాది పండగ తర్వాత ఎవరిదో ఉద్యోగం ఊడుతుందని పుకారు. అది తనది కాకపోతే చాలనుకున్నాడు.

విందులో చేప వచ్చింది, రొయ్యలొచ్చాయి, తర్వాత కోడి వచ్చింది, తలతో సహా. పూర్వం యజమాని కోడి తల ఎవరి వైపు తిప్పి పెడితే వాళ్లను పండగ తర్వాత పనిలోకి రావద్దన్నట్టు. ఈ రోజుల్లో వంటవాళ్లే మర్యాదగా తల తీసేసి పంపుతారు. ఈసారి తీయలేదు. వడ్డించే అమ్మాయి దాన్ని బల్ల మధ్య తిరిగే గాజు పలక మీద పెట్టి తన దారిన తను పోయింది. ముక్కు సరిగ్గా వెన్‌జే వైపు ఉంది.

బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. చేప అందుకునే నెపంతో, వెన్‌జే నవ్వుతూ, వేలితో గాజు పలకను తోశాడు. దాన్ని ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు. తల షూమిన్ ముందు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. షూమిన్ ఒక్క క్షణం అతని వేలి వంక చూసి, కోడి తలను తన గిన్నెలోకి తీసుకుని, నిదానంగా తినేసింది.

అంతలో డైరెక్టర్ వెంగ్ గారు గ్లాసు పట్టుకుని బల్లబల్లకీ పలకరిస్తూ వచ్చారు. కోడిని చూసి, తల ఏదని అడిగారు. తినేశానంది షూమిన్.

"అయ్యో, అది నా కోసం ఉంచమన్నానమ్మా. ప్రతి బల్ల దగ్గరా నా వైపు తిప్పుకుందామని. గడువు ముందుకు జరిపి మిమ్మల్ని ఉరుకులు పెట్టించింది నేనేగా. ఎవర్నీ పంపట్లేదు, కడుపునిండా తినండి," అన్నారాయన. "ఇంతకీ అది ఎవరి వైపు ఉంది?"

అందరూ గిన్నెల్లోకి చూసుకున్నారు.

"తిరిగే పలక కదండీ, ఎవరి వైపని చెప్తాం," అంది షూమిన్.

ఆయన నవ్వి పక్క బల్లకు వెళ్లారు. వెన్‌జేకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ తోయని చోట తానొక్కడే ఒక మనిషిని తోశాడు, అదీ తనను అడిగిన ఒక్క మనిషిని. ఆమె వైపు వంగి, "నువ్వప్పుడే అడిగావు. తప్పు నాదే," అని గొణిగాడు.

"ఆ రోజు నన్ను నవ్వులపాలు చేసింది అందరికీ వినబడేట్టేగా అన్నా," అంది ఆమె, తల ఎత్తకుండానే.

వెన్‌జే లేచాడు. కుర్చీ కిర్రుమంది. పక్క బల్ల దాకా వెళ్లి, డైరెక్టరు గారి వెనక నిలబడి, షూమిన్ ముందే అడిగిందనీ, తానే ఎగతాళి చేసి ఆమె నోరు మూయించాననీ, ఇందాక కోడి తలను ఆమె వైపు తోసింది కూడా తానేననీ చెప్పాడు. ఆయన గ్లాసు దించారు.

"సర్క్యూట్ సంగతి నాకు తెలుసు," అన్నారు. "కోడి సంగతి తెలీదు."

వెన్‌జే తిరిగొచ్చి కూర్చున్నాడు. షూమిన్ గాజు పలకను మెల్లగా తిప్పి, కోడి కాలు అతని ముందు ఆపింది. అతను దాన్ని గిన్నెలో వేసుకున్నాడు గానీ, ఎంత నమిలినా మింగుడు పడలేదు.