ప్రార్థన చేసిన బండి

కారు తుడవడం కూడా నా పనే అయింది. గిన్నెలు తోమి, కోళ్లకు నూకలు చల్లి, అత్తమ్మకు వేడినీళ్లు పెట్టి, ఆసుపత్రికి బయలుదేరేలోపు పాత చీర ముక్కతో దాని మూతి తుడవాలి. కారుకు మూతి ఏంటని నవ్వుతారేమో. ఎదురుగా వంగి నిలబడే మనిషికి అది మూతే. పళ్లున్న మూతి.

యుద్ధం అయిపోయి తన దేశానికి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర, బొల్లారంలో, మా ఆయన ప్రభుదాసు దాన్ని కొన్నాడు. ఆయన లష్కరుకు, అంటే అక్కడి దొరల పటాలానికి, కోడిగుడ్లు, కూరగాయలు సప్లై చేసే మనిషి. పొద్దున సైకిల్ మీద వెళ్లినవాడు మధ్యాహ్నం కారులో వచ్చాడు. మేడ్చల్‌లో మా వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. వెనక సీటు నిండా దొరగారి కుక్క వెంట్రుకలు, లోపలంతా చుట్ట వాసన. నాకు చూడగానే నచ్చలేదని చెబితే అబద్ధం. నచ్చింది. నేను మిషన్ ఆసుపత్రిలో కాన్పులు చేస్తాను. చలిలో ఏ ఊరి నుంచో పురుటికి పిలిస్తే ఇక ఎడ్లబండిలో వణుక్కుంటూ పోనక్కర్లేదనుకున్నాను. "నీ కోసమే కొన్న" అన్నాడు ఆయన అందరి ముందు. వెర్రిదాన్ని, నమ్మాను కూడా.

బటన్ నొక్కితే ఇంజను మొదలయ్యే ఏర్పాటు ఎప్పుడో పాడైపోయింది. ముందు భాగంలో హ్యాండిల్ దూర్చి తిప్పాలి. ఆ దొర డ్రైవరు బాలనర్సయ్య తోడు వచ్చి, వెళ్లేముందు రెండు సంగతులు చెప్పాడు.

"తిప్పేటప్పుడు బొటనవేలు సుట్టు తిప్పి పట్టద్దు, మిగిలిన ఏళ్లతోటే ఉంచాలె. ఎనకకు తన్నిందంటే మణికట్టు ఇరుగుతది. ఇంకోటి, దీనికి చేతి బ్రేకు పట్టదు. ఆపినంక గేరుల పెట్టి ఉంచుండ్రి. గని మల్ల తిప్పే ముందట గేరు తీసిన్రో లేదో సూసుకోవాలె. లేకుంటె తిప్పేటోని మీదికే ఎక్కుతది."

మా ఆయన అప్పుడు జనానికి హారన్ కొట్టి వినిపిస్తున్నాడు. ఆ మాటలు విన్నది నేనొక్కదాన్నే.

తర్వాత జక్కయ్య పాస్టరుగారు వచ్చి, ఇంజను మూత మీద చేయి పెట్టి, ఈ బండి వల్ల ఎవరికీ ఏ హానీ కలగకూడదని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ గట్టిగానే అన్నాను. అత్తమ్మ ఎలీషమ్మ వెనక సీట్లో చెంగు సర్దుకుని కూర్చుంది. ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. మిగిలింది నేను. హ్యాండిల్ నా చేతిలో పెట్టి "జల్దీ తిప్పు" అన్నాడు.

"గేరు తీసిన్రా?" అని అడిగాను.

"ప్రార్థన చేసిన బండి ఇది. నీకు విశ్వాసం లేదా ఏంది?"

"ఆసుపత్రిల దినాం నెత్తురు జూసేదానివి, గీ ఇనుపడబ్బకు భయపడుతవా" అంది లోపల్నుంచి అత్తమ్మ. జనం నవ్వారు. ఇంకేం మాట్లాడతాను, వంగి తిప్పాను.

ఇది జరిగి పదిహేను రోజులు. పదిహేను రోజులుగా నేను భయంతోనే నిద్ర లేస్తున్నాను. ఆ ఇనుప పళ్లు కడుపుకు ఆనేలా వంగుతానా, వెనక నాలుగడుగుల్లో మా ప్రహరీగోడ ఉంటుంది. ఇంజను ఒక్కసారి దగ్గితే చాలు, నా ప్రాణం జారిపోతుంది. తెల్లారి ఆయన చొక్కా వేసుకుంటుంటే ఎక్కడికి వెళ్తాడోనని కాదు, నన్ను వాకిట్లోకి ఎప్పుడు పిలుస్తాడోనని చూస్తాను. "తుడువు, గని లోపల దేన్నీ ముట్టకు" అని ఆయన ఆజ్ఞ. ముట్టాను. సీటు తుడిచే నెపంతో ఆ గేరు కడ్డీని కదిపి కదిపి నేర్చుకున్నాను. గేరు తీసి ఉంటే వదులుగా ఊగుతుంది, వేసి ఉంటే బిగుసుకుని ఉంటుంది. అంత చిన్న సంగతి. ఆయన కూర్చున్నాక మాత్రం నేను మళ్లీ అడిగితే మొగుణ్ణి నమ్మని ఆడది, దేవుణ్ణి నమ్మని ఆడది. దేవుణ్ణి నేను నమ్ముతాను. నాకు నమ్మకం లేనిది గేరు తీయాల్సిన మా ఆయన ఎడమచేతి మీద.

పోయిన గురువారం నేను తిప్పగానే కారు నా మీదికి ఎగిరింది. ఆయన గేరు తీయడం మరిచిపోయాడు. నేను కోళ్లగూటి మీద పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. "పక్కకు జరగద్దా?" అన్నాడు ఆయన సీట్లోంచే. "రెండు గుడ్లు పలిగినై" అంది అత్తమ్మ. ఆ రోజే ఆసుపత్రిలో పుడుతున్న బిడ్డ తల పట్టుకోబోతుంటే, పన్నెండేళ్లుగా వణకని నా చేయి వణికింది. నా చేతులు పోతే నేనేం కావాలి? ఆ తల్లులేం కావాలి? ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏడ్చాను.

ఇవాళ మధ్యాహ్నం శామీర్‌పేట నుంచి గాలయ్య సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. అక్కడి చెరువులో చేపలు పట్టే మనిషి.

"అమ్మా, మా సాలమ్మకు పొద్దుగాల సంది నొప్పులొస్తున్నయ్. బిడ్డ చెయ్యి ముందుగాల బయటవడ్డది. మంత్రసాని నాతోని గాదన్నది."

"కారుండంగ పరేషాన్ ఎందుకు?" అంటూ మా ఆయన వెళ్లి సీట్లో కూర్చుని హారన్ కొట్టాడు. నేను సంచీ లోపల పెట్టి ముందుకు నడిచాను. గాలయ్య నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకున్నాడు.

"మీరు జరుగుండ్రమ్మా, నేను తిప్పుత."

వంగాడు. బొటనవేలు చుట్టూ బిగించి పట్టుకున్నాడు, వాడికేం తెలుసు. వాడి రొమ్ము ఆ ఇనుప పళ్లకు ఆనింది. పదిహేను రోజులూ అక్కడ నేను వంగినప్పుడు సరేననుకున్నాను. వాడు వంగితే ఒక్క క్షణం కూడా చూడలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆగు గాలయ్యా" అన్నాను. వెళ్లి మా ఆయన పక్క తలుపు తీసి, ఆయన ఒడి మీదుగానే చేయి చాచి కడ్డీని కదిపాను. కదల్లేదు.

"గేరులనే ఉన్నది" అన్నాను.

"అయితేంది? తీస్త గదా."

"దిగుండ్రి. మీరు తిప్పుండ్రి. నేనీడ కూసుంట."

గడపలోంచి అత్తమ్మ "మొగనితోని తిప్పిస్తవానే?" అంది.

"ఔ అత్తమ్మా, తిప్పిస్త."

ఆయన నన్ను చూశాడు, గాలయ్యను చూశాడు. భార్య చావుబతుకుల్లో ఉన్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే కాదనడానికి ముఖం చెల్లలేదు. దిగాడు. నేను ఎక్కి, గేరు తీసి కూర్చున్నాను. ఆయన ముందుకు వెళ్లి వంగగానే మాయమైపోయాడు. ఇంజను మూత తప్ప ఇక్కణ్నుంచి ఏమీ కనబడదు. అంటే ఇన్ని రోజులూ నేను ఆయనకు కనబడనే లేదు.

అవతల్నుంచి గొంతు వినిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

"సుందరమ్మా, గేరు తీసినవా?"

"తిప్పుండ్రి" అన్నాను.

నా రెండు పాదాలూ కాలి బ్రేకును తొక్కే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.